లామినేషన్ చేయించిన ఆర్డరు

(గృహహింస చట్టం అమల్లోకి వచ్చి 19 ఏళ్లు నిండిన సందర్భంగా తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో మహిళా సంఘాలు జరిపిన సభలో, కింది కోర్టుల్లో పనిచేసే ఒక న్యాయవాది ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆ మైకు కాస్త ఇటు జరుపు బాబూ... ఆఁ, చాలు. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండమ్మా. ఈ మొదటి వరస అధికారుల కోసమని ఉంచారట. టైమెంతయిందో చూశారుగా, ఇక వాళ్లు రారు. ఆ కుర్చీలు మీవే.

ఈ రోజు అక్టోబర్ 26. 2005లో పార్లమెంటు చేసిన గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2006లో ఇదే రోజున అమల్లోకి వచ్చింది. చట్టం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను మాత్రం ముందు ఒక కాగితం గురించి చెబుతాను.

కొన్నేళ్ల కిందట నా దగ్గరికి ఒకావిడ వచ్చింది. కుట్టుపని చేసుకుంటుంది, ఇద్దరు పిల్లలు. సంచిలోంచి ఒక అట్టలాంటిది తీసి బల్ల మీద పెట్టింది. చూద్దును కదా, మెజిస్ట్రేట్ కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వు. దానికి లామినేషన్ చేయించింది! నా సర్వీసులో డిగ్రీ సర్టిఫికెట్లకీ, దేవుడి ఫొటోలకీ లామినేషన్ చూశాను గానీ కోర్టు ఆర్డరుకి చూడలేదు. "ఇదేంటమ్మా?" అన్నాను. "మొదటి కాపీ చించేసిండు మేడమ్. ఇది చించనీకి రాదు కదా" అంది.

ఆ ఆర్డరులో ఏముంది? ఆమె మీద చెయ్యి చేసుకోకూడదు, ఆమె పనిచేసే చోటికి వెళ్లకూడదు, ఇంట్లోంచి గెంటకూడదు. మంచి ఆర్డరు. ఆ రాత్రి ఆమె భర్త తాగొచ్చాడు. ఈమె కాగితం చూపించింది. "అట్లనా, ఈ కాగితాన్నే కాపలా పెట్టుకో" అన్నాడట. తర్వాత జరిగింది నేను చెప్పక్కర్లేదు. ఆమె స్టేషనుకి ఫోన్ చేసింది. అవతల ఎత్తినాయన ఓపిగ్గానే విన్నాడు, తిట్టలేదు, కసురుకోలేదు. "అది సివిల్ మేటరమ్మా, మీ వకీలుతో చెప్పి కోర్టులో చూసుకో" అని ఫోన్ పెట్టేశాడు.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఆయన చెప్పింది తప్పు. రక్షణ ఉత్తర్వును మీరడం ఆ చట్టం 31వ సెక్షను కింద నేరం. ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు, బెయిలు హక్కుగా రాదు. అంతేనా, బాధితురాలు ఒక్కతే చెప్పిన సాక్ష్యం మీద కూడా కోర్టు నేరం జరిగిందని తేల్చొచ్చని 32వ సెక్షనులో రాశారు. ఇంత పదునైన సెక్షను ఆ కాగితం వెనకాల ఉంది. ఫోనెత్తినాయనకి అది తెలియదు.

నేను ఆయన్ని తిట్టడానికి రాలేదు. పోలీసులకీ, న్యాయాధికారులకీ ఈ చట్టం మీద ఎప్పటికప్పుడు శిక్షణ ఇవ్వాలి, టీవీల్లో, పేపర్లలో ప్రచారం చేయాలి అని 11వ సెక్షను ఎవరికి చెప్పింది? ప్రభుత్వాలకి. కేంద్రానికీ, రాష్ట్రానికీ కలిపే చెప్పింది. పథకాలకి ఎంత ప్రచారం చేస్తారో మనం చూస్తూనే ఉన్నాం, బస్సుల వెనక, గోడల మీద, సెల్‌ఫోన్లలో. 31వ సెక్షను మీద ఒక్క హోర్డింగు చూసినవాళ్లు చెయ్యెత్తండి. (కాసేపు నిశ్శబ్దం) అదీ సంగతి.

ఈ చట్టం రాసినవాళ్లు అమాయకులేం కాదు. దెబ్బలు తిన్న ఆడమనిషి వకీలు కోసం, పోలీసు కోసం, డాక్టరు కోసం, తలదాచుకునే చోటు కోసం నాలుగు వైపులా తిరగలేదని వాళ్లకి తెలుసు. అందుకని నడుమ ఒక మనిషిని పెట్టారు. రక్షణాధికారి. మనం కోర్టులో ప్రొటెక్షన్ ఆఫీసరు, పీవో అంటాం. బాధితురాలు పీవో దగ్గరికి వెళితే చాలు. ఆమె చెప్పింది విని ఘటన నివేదిక, మేం డీఐఆర్ అంటాం, అది తయారుచేసి మెజిస్ట్రేటుకి పంపాలి. ఉచితంగా వకీలు దొరికేట్టు చూడాలి. ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆశ్రయం ఇప్పించాలి. ఆర్డరు వచ్చాక అది అమలవుతోందా లేదా చూసుకోవాలి. కొత్త చుట్టం కాదు, చట్టమే పంపిన పుట్టింటి మనిషి అనుకోండి.

మరి ఆ పుట్టింటి మనిషి ఎక్కడ? స్త్రీ శిశు సంక్షేమం చూసే అధికారి కుర్చీకే ఈ బోర్డు కూడా తగిలిస్తారు, చాలా చోట్ల జరిగేది ఇదే. ఆ కుర్చీలో కూర్చున్నాయన లేదా కూర్చున్నావిడ పొద్దున లేస్తే అంగన్‌వాడీల్లో గుడ్లు అందాయా లేదా చూడాలి, బాల్యవివాహం ఆపడానికి ఊరికి పరిగెత్తాలి, దివ్యాంగుల దరఖాస్తులు, వృద్ధుల దరఖాస్తులు, వీడియో కాన్ఫరెన్సులు, మంత్రిగారి పర్యటన. ఇన్నింటి తర్వాత మిగిలిన సాయంత్రం పూట గృహహింస. నాకు తెలిసిన ఒక అధికారి నాతోనే అంది, "అక్కా, నా టేబుల్ మీద ఏడు ఫైళ్ల కట్టలున్నయి, మీ గృహహింస కట్ట అన్నిటి కింద ఉంటది" అని. అబద్ధం చెప్పలేదు, అందుకు ఆమెని మెచ్చుకున్నాను.

ఇందులో ఒక వింత ఉంది. రక్షణాధికారి కోర్టు చెప్పిన పని కారణం లేకుండా చేయకపోతే ఆమెకి కూడా ఏడాది దాకా జైలు వేయొచ్చని 33వ సెక్షను. కానీ ఆ కేసు పెట్టాలంటే రాష్ట్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి ఇవ్వాలని 34వ సెక్షను. అంటే ఏడు పనులు నెత్తిన పెట్టిన వాళ్లే, పని జరగలేదని శిక్షించడానికి పర్మిషన్ కూడా ఇవ్వాలి. పర్మిషన్ ఎందుకిస్తారు? ఇస్తే మొదటి ముద్దాయి ఎవరో వాళ్లకి తెలీదా!

చట్టం ఎనిమిదో సెక్షను 'ప్రతి జిల్లాలో అవసరమైనంత మంది' అంటుంది. ఆ 'అవసరమైనంత' అన్న మాటే మన కొంప ముంచింది. ఎంతమంది అవసరమో ఎవరు లెక్కగట్టాలి? ఎవరూ గట్టలేదు. చివరికి సుప్రీంకోర్టు కల్పించుకోవలసి వచ్చింది. ఈ ఏడాది, అంటే 2025 మే నెలలో, జిల్లా స్థాయిలో, తాలూకా స్థాయిలో రక్షణాధికారుల్ని గుర్తించి నియమించండి, ఆరు వారాల్లో పూర్తి చేయండి అని రాష్ట్రాలకి చెప్పింది. చట్టం వచ్చిన ఇరవయ్యో ఏట దేశంలోని అత్యున్నత న్యాయస్థానం 'ముందు మనిషిని పెట్టండి' అని చెప్పాల్సి రావడం... నేనేం వ్యాఖ్యానించను, వకీలంటే కోర్టు ఆఫీసరే కదా.

కానీ ఒక భయం మాత్రం చెబుతాను. 'గుర్తించి నియమించడం' అంటే మళ్లీ ఉన్నవాళ్లలోంచే ఒకర్ని గుర్తించి, ఎనిమిదో కట్ట కూడా ఆ టేబుల్ మీద పెట్టి, జీవో కాపీ కోర్టుకి పంపడం అవుతుందేమో. కాగితం మీద నియామకం వేరు, మనిషి నియామకం వేరు. మనం అడగాల్సింది ఈ పని తప్ప వేరే పని లేని మనిషిని.

"ఇదంతా ఎంతమంది సమస్యండీ?" అని ఒకాయన నన్ను టీవీ చర్చలో అడిగాడు. 2019-21లో ప్రభుత్వమే చేయించిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తెలంగాణలో 18 నుంచి 49 ఏళ్ల మధ్య పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 37 మంది భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో 30. దేశం మొత్తం మీద 29 పైచిలుకు. ఈ హాల్లో నూట యాభై మంది ఆడవాళ్లున్నారనుకుంటే... మీరే లెక్క వేసుకోండి, పక్కవాళ్ల మొహం చూడకండి. అదే సర్వేలో ఇంకో అంకె ఉంది, నాకు అదే ఎక్కువ బాధ. ఫలానా ఫలానా కారణానికి మొగుడు కొడితే తప్పులేదు అన్న ఆడవాళ్లు తెలంగాణలో నూటికి 84 మంది. అత్తమామల్ని గౌరవించకపోతే, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోతే, చెప్పకుండా బయటికి వెళితే. కొట్టించుకునేవాళ్లే ఆ మాట అన్నారు.

దీన్ని చూపించి కొందరు, 'చూశారా, సమాజమే మారాలి, ప్రభుత్వం ఏం చేస్తుంది' అంటారు. నేను ఒప్పుకోను. అడగడానికి చోటు లేనప్పుడు మనిషి ఏం చేస్తుంది? జరిగేదాన్ని న్యాయమనుకుంటుంది, లేకపోతే బతకలేదు. దేశం మొత్తం మీద దెబ్బలు తిన్నవాళ్లలో సాయం అడిగినవాళ్లు నూటికి 14 మంది. 77 మంది సాయం అడగలేదు సరికదా, ఆ మాట ఎవరికీ చెప్పనే లేదు. ఒకసారి తలుపు తట్టి, 'సివిల్ మేటర్' అనిపించుకుని వెనక్కొచ్చిన మనిషిని చూసి, పక్కింటి పదిమంది తట్టడం మానేస్తారు. ఆ నోరు మూసుకోవడంలో ప్రభుత్వం వాటా కూడా ఉంది.

ఇప్పుడు కోర్టు సంగతి. మా సంగతే కాబట్టి దాచను. మొదటి వాయిదా దరఖాస్తు అందిన మూడు రోజుల్లో పెట్టాలి. నోటీసు రెండు రోజుల్లో అందించాలి. 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. ఇవన్నీ చట్టంలో ఉన్న మాటలు. నా దగ్గరున్న గృహహింస కేసుల ఫైళ్లలో 60 రోజులకి తేలింది ఒక్కటీ లేదు. రెండు, మూడు, నాలుగేళ్లు. నోటీసు పట్టుకెళ్లాల్సింది పీవో. పీవోకి బండి లేదు, మనిషి లేడు. నోటీసు 'డోర్ లాక్' అని తిరిగొస్తుంది. తలుపు వెనకాల టీవీ మోగుతున్నా సరే, డోర్ లాకే. మా వకీళ్లు కూడా తక్కువ తినలేదు, కౌంటరుకి, అంటే జవాబు దాఖలు చేయడానికి టైము, దానిమీద టైము. ఈలోగా పిల్లల ఫీజులు ఎవరు కడతారు? కేసు తేలేలోగా ఇచ్చే మధ్యంతర ఉత్తర్వు, అవతలివాళ్లు రాకపోయినా ఇచ్చే ఉత్తర్వు, రెండూ 23వ సెక్షనులో ఉన్నాయి. గట్టిగా అడిగితే ఇచ్చే మెజిస్ట్రేట్లున్నారు. ఒక్కో మెజిస్ట్రేటు ముందు ఉన్న కేసుల గుట్ట చూస్తే ఆయన్నీ ఏమనలేం. కోర్టులు పెంచడం, ఖాళీలు నింపడం మళ్లీ ప్రభుత్వం చేతిలోని పనే.

ఇంకొకటి. ఎప్పుడూ ఆమే ఇల్లు వదలాలి, ఎందుకని? కొట్టినవాడు మంచం మీద పడుకుంటాడు, దెబ్బలు తిన్నది పిల్లల్ని చంకనేసుకుని బస్టాండులో కూర్చుంటుంది. ఆస్ట్రియాలో 1997 నుంచి పోలీసే అక్కడికక్కడ అతన్ని కొన్నాళ్లు ఇంటి నుంచి బయటికి పంపొచ్చు. మన దగ్గర పోలీసుకి ఆ అధికారం లేదు గానీ మెజిస్ట్రేటుకి ఉంది. 19వ సెక్షను, 'నువ్వు ఈ ఇంట్లోంచి బయటికెళ్లు' అని అతన్ని ఆదేశించొచ్చు. నా మొత్తం ప్రాక్టీసులో అలాంటి ఆర్డర్లు ఎన్ని చూశానో చేతివేళ్ల మీద లెక్కపెట్టగలను. 'ఇల్లు మా అమ్మ పేరు మీద ఉంది' అంటారు. 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు వల్ల చాలాకాలం ఆ మాట చెల్లింది. 2020 అక్టోబరులో అదే కోర్టు ఆ తీర్పు సరికాదంది. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా సరే, కోడలు కాపురమున్న ఇల్లయితే అక్కడ ఉండే హక్కు అడగొచ్చు. ఆస్తి రాసివ్వమనడం కాదమ్మా, వానలో నిలబెట్టకండి అనడం. అయిదేళ్లయింది ఆ తీర్పొచ్చి, ఇంకా స్టేషన్లలో 'ఇల్లు ఎవరి పేరు మీదుంది?' అన్నదే మొదటి ప్రశ్న.

రాజీల గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆమె ఏ గడప ఎక్కినా ముందు కౌన్సెలింగే. ఊళ్లో పెద్దమనుషులు ఒకసారి, స్టేషనులో ఒకసారి, హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే సఖి కేంద్రంలో ఒకసారి, కోర్టులో ఒకసారి. కౌన్సెలింగ్ అంటే నాకు పడదని కాదు. మంచి కౌన్సెలర్ మనిషిని నిలబెడుతుంది. 1984లో ముంబైలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ వాళ్లు పోలీసు వ్యవస్థలోనే శిక్షణ పొందిన సోషల్ వర్కర్లని కూర్చోబెట్టారు. ఆ సెల్ ఇప్పటికీ నడుస్తోంది. వాళ్లు అడిగే మొదటి మాట 'ఇంటికి పోతావా' అని కాదు, 'ఇంటికి పోతే బతుకుతావా' అని. మన దగ్గర జరిగేది వేరు. ఇద్దర్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి, అతని ముందే, 'చెప్పమ్మా, ఏం చేశాడు?' అంటారు. ఆమె ఏం చెబుతుంది? రాత్రికి అతని పక్కనే కదా పడుకోవాలి! రాజీ కాగితం మీద సంతకం చేస్తుంది. కేసు 'పరిష్కారమైంది' అని రిజిస్టరులో రాస్తారు. ఆ అంకె నెల నెలా పైకి పోతుంది. పైవాళ్లు సంతోషిస్తారు.

నేను అడిగేది ఏంటంటే, పరిష్కారమైంది అని రాసిన ప్రతి కేసులో మూడు నెలలకి, ఆర్నెల్లకి ఆమెకి ఫోన్ చేయండి. ఆమె ఎలా ఉందో రాయండి. అప్పుడు తెలుస్తుంది ఎన్ని పరిష్కారమయ్యాయో.

ఆసుపత్రి. చెయ్యి విరిగి వస్తుంది. 'బాత్రూంలో జారిపడ్డా' అంటుంది, పక్కన మొగుడుంటాడు. డాక్టరు అదే రాస్తాడు. ఆ ఒక్క ముక్క రేపు కోర్టులో ఆమె గొంతు పట్టుకుంటుంది. 'జారిపడ్డానని నువ్వే చెప్పావుగా' అని అవతలి వకీలు అడుగుతాడు, నేనైనా అదే అడుగుతాను. మొగుణ్ణి బయట కూర్చోబెట్టి ఒక్క నిమిషం ఆమెతో విడిగా మాట్లాడితే చాలు. 2000లో ముంబైలో బాంద్రాలోని భాభా మునిసిపల్ ఆసుపత్రిలో 'దిలాసా' అని ఒక విభాగం పెట్టారు. సెహత్ అనే సంస్థ, మునిసిపల్ కార్పొరేషన్ కలిసి. నర్సులకీ డాక్టర్లకీ గుర్తుపట్టడం నేర్పించారు, కౌన్సెలర్లని ఆసుపత్రిలోనే ఉంచారు. తర్వాత ఆ నగరంలో మరికొన్ని ఆసుపత్రులకి విస్తరించింది. స్టేషను గడప ఎక్కడానికి సిగ్గుపడే మనిషి కూడా ఆసుపత్రికి వస్తుంది, అదే అందులోని కిటుకు. మన జిల్లా ఆసుపత్రిలో అలాంటి గది ఒకటి పెట్టడానికి కొండలేం తవ్వక్కర్లేదు.

ఇక్కడ వెనక వరసలో ఒకాయన ఇందాకట్నుంచి చెయ్యెత్తుతున్నాడు. మీరు ఏమడుగుతారో నాకు తెలుసన్నా, దొంగ కేసుల గురించేగా? (నవ్వులు) అడగండి, తప్పులేదు. దొంగ కేసులు ఉంటాయి. భూమి తగాదాల్లో లేవా, చెక్ బౌన్సుల్లో లేవా? కానీ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. భార్యని వేధించే భర్త మీద, అత్తింటివాళ్ల మీద పెట్టే 498-ఎ, 1983లో వచ్చింది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షను, అది క్రిమినల్ కేసు. 2005 చట్టం అది కాదు. దీని కింద దరఖాస్తు వేస్తే ఎవర్నీ జైల్లో పెట్టరు. కొట్టొద్దు, గెంటొద్దు, ఖర్చులకివ్వు అని కోర్టు చెబుతుంది. ఆ మాట మీరితేనే జైలు. అంటే అమాయకుడికి ఈ చట్టంతో వచ్చే ప్రమాదం ఏంటి? కొట్టకుండా ఉండాల్సి రావడం. అందులోనూ నిజం తేల్చే మనిషి, ఇంటికెళ్లి చూసి నివేదిక రాసే మనిషి ఎవరు? ఆ పీవోనే. దొంగ కేసుల బాధ నిజంగా ఉన్నవాళ్లు మా అందరికంటే ముందు ఆ పోస్టు నింపమని అడగాలి. కాబట్టి అన్నా, మా అర్జీ కాగితం మీద మీరూ సంతకం పెట్టండి.

ఇక ఏం అడుగుతున్నామో చెప్పేసి కూర్చుంటాను. ప్రతి రెవెన్యూ డివిజనుకీ పూర్తికాలం రక్షణాధికారి, ఆమెకో బండి, నోటీసు పట్టుకెళ్లడానికో మనిషి. దానికి బడ్జెట్లో విడిగా పద్దు, స్త్రీ శిశు సంక్షేమం అనే పెద్ద గంపలో కలిపేసి కాదు. కోర్టు ఆర్డరు ఇచ్చిన రోజే కాపీ స్టేషనుకి చేరి, ఆమె ఫోన్ చేస్తే పేరు చెప్పగానే తెలిసేట్టు ఉండాలి. అప్పుడు ఎవరూ లామినేషన్ చేయించుకోనక్కర్లేదు. సఖి కేంద్రం జిల్లాకి ఒకటి ఉంది, 2015 నుంచి వచ్చిన పథకం. అక్కడ ఉండేది కొద్ది రోజులే. ఆ తర్వాత ఎక్కడికి? కాబట్టి ఆశ్రయం నెలల తరబడి ఉండేలా, పెద్ద పిల్లల్ని కూడా రానిచ్చేలా కావాలి. మగపిల్లాడికి వయసొచ్చిందని తల్లిని లోపలికి రమ్మని, వాణ్ని బయట నిలబెట్టిన సందర్భం నేను కళ్లారా చూశాను. ఆ తల్లి ఆ రాత్రే వెనక్కి వెళ్లిపోయింది.

మీరు చేయగలిగింది ఒకటి ఉంది. పక్కింట్లో అరుపులు వినిపిస్తే 112కి గానీ 181కి గానీ ఫోన్ చేయండి. మంచి మనసుతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద ఏ కేసూ రాదని నాలుగో సెక్షను రాసి మరీ చెప్పింది. 'వాళ్ల సంసారం మనకెందుకు' అనకండి.

రేపు సోమవారం, కలెక్టరేటులో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి. పదింటికల్లా గేటు దగ్గర కలుద్దాం. ఒక్కటే అర్జీ, ఒక్కటే ప్రశ్న. సుప్రీంకోర్టు మేలో ఆరు వారాలు అంది కదా, మన జిల్లాలో రక్షణాధికారి ఎవరు, ఆమె పేరేంటి, ఆమె ఆఫీసు ఎక్కడ, ఈ పని కాక ఆమెకి ఇంకెన్ని పనులున్నాయి? రసీదు తీసుకోవడం మర్చిపోకండి. ఇందాక చెప్పిన కుట్టుపని ఆవిడ కూడా వస్తానంది. ఆ అట్ట తెస్తానంది. సంతకాల కాగితాలు తలుపు దగ్గర టేబుల్ మీదున్నాయి, పెన్నులు రెండే ఉన్నాయట, మీ దగ్గరున్నవి తీయండి.